గుర్వయ్య దమ్ము

2018 మార్చిలో ఒక మధ్యాహ్నం, కొత్తకోటకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి దగ్గర, గొర్రెలను సంతకు చేరవేసే వ్యాను రోడ్డు దాటుతున్న మందలోకి దూసుకుపోయింది. పదకొండు గొర్రెలు అక్కడికక్కడే చచ్చాయి. మంద వెంట నడుస్తున్న ఐలేశం అనే కాపరికి తొడ ఎముక విరిగింది. చచ్చిన జీవాలను చూసి కాగితం రాసివ్వడానికి పశువుల దవాఖానలో పనిచేసే నన్ను పిలిపించారు. వ్యాను నడిపిన గుర్వయ్యను నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

నేను వెళ్లేసరికి ఐలేశాన్ని అంబులెన్సులో తీసుకుపోయారు. గుర్వయ్య రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, చాలా భారీ ఒళ్లు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఒక కానిస్టేబుల్ ఆయన నోటి ముందు తాగుడు పరీక్ష చేసే యంత్రం పెట్టి ఊదమన్నాడు. ఊదాడు. యంత్రం కూత పెట్టి మధ్యలో ఆగిపోయింది.

"ఆపకుండ ఊదాలె. కూత అయిపోయేదాంక ఊదు," అన్నాడు కానిస్టేబుల్.

మళ్లీ ఊదాడు. సగంలోనే గాలి అయిపోయింది. మూడోసారికి మొహం నల్లబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. యంత్రం మాత్రం ఒప్పుకోలేదు.

"చాతనైతలేదు సారు," అన్నాడు గుర్వయ్య.

"తాగనోనికి ఊదనీకేం కష్టం," అని గుంపులోంచి ఎవరో అన్నారు.

ఆ మాటే ఊళ్లో నిలిచిపోయింది. పోలీసులు ఆయన్ను తీసుకెళ్లి రక్తం తీయించారు. అందులో మందు చుక్క కూడా లేదని కాగితం వచ్చింది. కానీ అది రావడానికి నెల పట్టింది. ఆలోపు గుర్వయ్య తాగి నడిపాడని చెప్పుకోని ఇల్లు లేదు. లైసెన్సు లాక్కుని, కేసు పెట్టి, బెయిలు మీద ఇంటికి పంపారు.

గుర్వయ్యదీ ఆ ఊరే, జీవాల మీద బతికిన ఇల్లు. పదహారేళ్ల వయసులో తండ్రి వెంట మందను తోలుకుని ఎండాకాలం మేతకు కృష్ణ ఒడ్డు దాకా నడిచిపోయేవాడు. భుజాన గొంగడి, చంకలో అప్పుడే పుట్టిన పిల్ల. అట్లా పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా నడిచినా ఆయాసమంటే తెలియని ఒళ్లు. వరుస కరువుల్లో మంద తరిగిపోయింది. ఇరవై నాలుగో ఏట స్టీరింగు పట్టాడు. నడక ఆగిపోయింది. హైవే పక్క హోటళ్లలో తిండి, గంటల తరబడి కూర్చోవడం. ఏడాదికింత చొప్పున ఒళ్లు పెరిగింది. తెలంగాణ వచ్చాక, ఊరూరా సర్కారు గొర్రెల పంపిణీ మొదలైన ఏడు, రాయచూరు నుంచీ అనంతపురం నుంచీ జీవాలను తెచ్చే వ్యాన్లకు తీరిక ఉండేది కాదు. అప్పటికి గుర్వయ్య బరువు నూట ఇరవై ఎనిమిది కిలోలు.

పొద్దున లేచేసరికి తల పగిలిపోతున్నట్టు ఉండేది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. కంచం ముందు కూర్చుని కునికేవాడు. ఎవరితోనైనా మాట్లాడుతుండగానే రెప్పలు వాలిపోయేవి. "తిననీకి, పండుకోనీకి పుట్టిండు," అని తోటి డ్రైవర్లు నవ్వితే తానూ నవ్వేవాడు. భార్య బాలనర్సమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆయన గురక నడుమ ఊపిరి ఆగిపోవడం ఆమెకు తెలుసు. ఆగినప్పుడల్లా భుజం పట్టి కుదిపేది. పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని ఆయన మళ్లీ నిద్రలోకి జారిపోయేవాడు. ఒళ్లు పెద్దదైతే అంతేనని చుట్టాలు అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

ప్రమాదం జరిగిన పన్నెండో రోజున ఐలేశాన్ని పాలమూరు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారు. తొడలో రాడ్డు వేశారు. మూడు నెలలు కాలు నేల మీద మోపొద్దన్నారు. ఇంట్లో ఉన్నది ఆయన, భార్య సుక్కమ్మ, ఇద్దరే. దొడ్లో మిగిలిన ముప్పై ఎనిమిది జీవాలకు ఆమె కొమ్మలు నరికి తెచ్చి వేస్తోంది. ఆ మేత వాటికి ఏ మూలకూ చాలడం లేదు.

మర్నాడు గుర్వయ్య వాళ్ల గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఐలేశం చూసి గోడ వైపు తిరిగాడు.

"వదినా, అన్న లేచేదాంక మంద నేను మేపుత," అన్నాడు గుర్వయ్య.

"నీ మొకం జూడబుద్ధయితలేదు నాకు," అంది సుక్కమ్మ. "గని దొడ్లె జీవాలు ఆకలికి ఒర్రుతున్నయ్. ఎవడు మంచోడో ఎవడు చెడ్డోడో వాటికేం తెలుసు. తోలుకపో."

కాపరి కొడుకు కాబట్టి జీవాల సంగతి ఆయనకు కొత్త కాదు. కొత్త అయింది తన ఒళ్లే. ఊరు దాటి గుట్ట వైపు తిరిగే బాట దగ్గరికే నాలుగుసార్లు ఆగాల్సి వచ్చేది. మంద ముందుకు సాగిపోతే అరిచి ఆపేవాడు. అరుపు కూడా రెండు మాటలకే తెగిపోయేది. కర్ర మీద రెండు చేతులూ మోపి, నోరు తెరిచి, గాలి కోసం అక్కడే నిలబడేవాడు. రెండు రోజుల్లో మానేస్తాడని ఊరు అనుకుంది. బాలనర్సమ్మ వద్దని బతిమాలింది. పద్దెనిమిది రోజులు తోలుకుపోయాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మంద ఒంటరిగా ఇంటికి వచ్చింది.

సుక్కమ్మ దొడ్డి తలుపు వేసి, తిట్టుకుంటూ గుట్ట వైపు బయల్దేరింది. బండరాయికి ఆనుకుని కాళ్లు బారజాపి కూర్చున్న గుర్వయ్య దూరం నుంచే కనిపించాడు. తల ఒక పక్కకు వాలిపోయింది. ఆమె పిలిస్తే కళ్లు సగం తెరిచి, "బండి ఆపిన నాయినా, ఆపిన," అని ముద్దముద్దగా ఏదో అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తాగాడనే అనుకుంది సుక్కమ్మ. పట్టపగలు, తన మంద వెంట వచ్చి తాగాడని ఒళ్లు మండింది. దగ్గరికి వెళ్లి, వంగి, ఆయన నోటి దగ్గర వాసన చూసింది.

వాసన లేదు. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. గోళ్లు కూడా అదే రంగు.

ఆమె కొంగులోంచి ఫోను తీసి 108కి చేసింది. కూలికి పోయిన బాలనర్సమ్మకు కబురు పంపి, ఆమె వచ్చేదాకా ఆగకుండా తానే అంబులెన్సు ఎక్కింది. దారి పొడవునా గుర్వయ్య నిద్రలోకి జారకుండా చెంపల మీద కొడుతూనే ఉంది. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు, "గప్పుడు కొట్టిన దెబ్బలల్ల సగం కోపం గూడ ఉండె," అంది.

పాలమూరులో ప్రాణం నిలబెట్టి, రెండు రోజుల తర్వాత హైదరాబాదుకు, ఊపిరితిత్తుల జబ్బులు చూసే దవాఖానకు పంపారు. అక్కడి డాక్టరమ్మ పేరు మంజులత. పరీక్షలన్నీ చూశాక ఆమె బాలనర్సమ్మను కూర్చోబెట్టి చెప్పింది. మనిషి పీల్చేది మంచి గాలి, వదిలేది చెడ్డ గాలి. ఆ చెడ్డ గాలి బయటికి పోవాల్సినంత పోవడం లేదు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోంది. మేలుకుని ఉన్నప్పుడు కూడా ఊపిరి పైపైనే ఆడుతోంది. రక్తంలో చెడ్డ గాలి పేరుకుపోతే మెదడు మత్తెక్కుతుంది. తలనొప్పి, వాపులు, కునుకు, అన్నీ దాని వల్లే.

"పగటి పూట నిద్ర ఎన్నాళ్ల నుంచి వస్తోంది?" అని అడిగింది డాక్టరు.

"ఐదారేండ్ల సంది అమ్మా. అన్నం తినుకుంట గూడ కునుకుతడు మా బిడ్డ త్రివేణోల్ల నాయిన."

"ఏం పని చేస్తారు?"

"డ్రైవరు."

డాక్టరు రాస్తున్న కలం ఆపింది. మంచం మీద మాస్కు పెట్టుకుని పడుకున్న గుర్వయ్య కళ్లు తెరిచి ఆమె వైపే చూస్తున్నాడు. స్టీరింగు ముందు ఆ కునుకు వస్తే ఏమవుతుందో ఇద్దరికీ అర్థమైంది.

వారం తర్వాత, కూర్చోగలిగినప్పుడు, కసరత్తులు చేయించే మనీష వచ్చింది. అచ్చంపేట పిల్ల. మన మాటే మాట్లాడుతుంది కాబట్టి గుర్వయ్యకు జంకు పోయింది. ఆమె చేతిలో గుప్పిట్లో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా ఉంది. దానికి ఒక నోటి గొట్టం.

"కాకా, దీంట్ల స్ప్రింగుతోని చిన్న తలుపు ఉంటది. గట్టిగ పీలిస్తెనే తెరుసుకుంటది. ఒక్కపారి నీ బలమంత పెట్టి పీల్చు చూద్దాం."

పీల్చాడు. మనీష అంకె చూసి, "బలానికేం కొదవలేదు," అంది. తర్వాత స్ప్రింగు వదులు చేసి, అందులో సగం కంటే తక్కువ బరువు పెట్టి, ముక్కుకు క్లిప్పు తగిలించింది. "ఇప్పుడు ఆగకుండ పీల్చుకుంట, వదులుకుంట ఉండాలె. ఎంతసేపు ఉంటవో చూద్దాం."

మొదటి నిమిషం తేలికగానే గడిచింది. రెండో నిమిషంలో మెడ నరాలు లేచాయి, భుజాలు ఎగరడం మొదలైంది. రెండు నిమిషాల ఇరవై సెకన్లకు గొట్టం ఊడబెరికి మంచం పట్టె పట్టుకున్నాడు. తన ఈడు వాళ్లు చాలామంది పది, పదిహేను నిమిషాలు చేస్తారని తెలిసి సిగ్గుపడ్డాడు.

"బలమున్నదన్నవ్ గద బిడ్డా. మరి గిదేంది?"

"పొట్టేలును ఒక్కపారి పైకెత్తుడు బలం కాకా. దాన్ని భుజాన వేసుకొని రెండు కోసులు నడుసుడు దమ్ము. నీకు బలం ఉన్నది, దమ్ము లేదు."

"అంటే నా కండ పనికి చాతకాదన్నట్టా?"

"కాదు. నీ కండ చేసేంత పని ఎవ్వరి కండా చెయ్యది." మనీష తన అరచేతిని గొడుగులా వంచి ఛాతీకి, కడుపుకు నడుమ పెట్టి చూపించింది. "ఈడ ఉంటది ఊపిరి తీసే కండ. ఛాతి మీద, కడుపు మీద అంత బరువున్నది. ఒక్కో ఊపిరికి ఆ బరువంత లేపాలె. పొద్దంత లేపి లేపి అలిసిపోతది. అలిసినంక చిన్న చిన్న ఊపిర్లు తీస్తది. గంతే. అలువాటు చేస్తె దానికి దమ్ము వస్తది."

గుర్వయ్య తల దించుకున్నాడు. సోమరి అనే మాట వినీ వినీ ఆయన దాన్ని నమ్మేశాడు. తన ఒంట్లో ఒకటి పొద్దస్తమానం చచ్చేంత కష్టపడుతోందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

నెల తర్వాత ఇంటికి వచ్చాడు. నిద్రలో గాలి పంపే మాస్కు యంత్రాన్ని దవాఖాన వాళ్లే ఒక దాత చేత ఇప్పించారు. పగలు రెండుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, ఆ డబ్బాతో ఊపిరి కసరత్తు చెయ్యాలి. తిండిలో అన్నం తగ్గించి, రోజూ కొంచెం కొంచెం నడవాలి.

వచ్చిన మర్నాడే ఐలేశం ఇంటికి వెళ్లాడు. నులక మంచం మీద కూర్చుని ఉన్న ఐలేశం ఈసారి గోడ వైపు తిరగలేదు. నోటి దగ్గర వాసన లేదని సుక్కమ్మ అప్పటికే చెప్పింది. రక్తం కాగితం సంగతి కూడా తెలిసింది.

"రోగమంట గద," అన్నాడు ఐలేశం. "నీ తప్పేమున్నదిగ."

గుర్వయ్య నేల మీద కూర్చున్నాడు. "ఉన్నదన్నా," అన్నాడు. "రోగమని నాకు తెల్వది. గని బండి మీద కునుకు వస్తున్నదని తెలుసు. అంతకుముందే రెండుపార్లు వచ్చింది. ఓపారి జడ్చర్ల కాడ డివైడరుకు గీరుకపోయింది. ఎవ్వరికీ చెప్పలే. చెప్తె బండి ఇయ్యరని. నీ కాలు ఇరిగింది నా రోగంతోని కాదు. నేను నోరు మూసుకున్నందుకు."

లోపల గిన్నెలు కడుగుతున్న సుక్కమ్మ చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది.

ఐలేశం తన కాలి వైపు చూసుకున్నాడు. "నువ్వు తాగినోనివి అనుకున్నన్ని దినాలు నిన్ను తిట్టుకుంట పొద్దు గడిపిన," అన్నాడు. "ఇగ గదీ లేకపాయె." చెయ్యి చాపి, "ఏదో డబ్బా ఇచ్చిన్రంట గద. తియ్యి, చూద్దం," అన్నాడు.

అట్లా మొదలైంది. బాలనర్సమ్మ పొద్దున్నే పనికి పోతుంది. ఒక్కడే కూర్చుంటే గుర్వయ్య ఐదు నిమిషాలకే గొట్టం తీసేసేవాడు. అందుకని రోజూ ఐలేశం ఇంటికి వచ్చి చేసేవాడు. కాలు కదపలేక కూర్చున్న ఐలేశం ఫోనులో గడియారం పెట్టుకుని చూసేవాడు.

"ఇంక నాలుగు నిమిషాలున్నది. తియ్యకు."

గుర్వయ్య కళ్లతోనే బతిమాలేవాడు.

"నన్ను చూస్తె ఏమొస్తది. పీల్చు."

"సావగొడ్తవా ఏంది ఆయన్ని," అనేది సుక్కమ్మ.

"డాక్టరమ్మ చెప్పిందే చెప్తున్న నేను."

మొదట్లో అందులో కొంచెం కక్ష కూడా ఉండేదని ఐలేశమే తర్వాత నాతో ఒప్పుకున్నాడు. ఎదుటివాడు ఊపిరికి కష్టపడుతుంటే చూసి, తన కాలినొప్పి కాసేపు మరిచిపోయేవాడట. ఒకరోజు గుర్వయ్య మొహం చూసి, తనకు తెలియకుండానే తానూ ఊపిరి బిగపట్టి కూర్చున్నానని, అప్పట్నుంచి కక్ష పోయిందని అన్నాడు.

మూడు నెలలకు హైదరాబాదులో మళ్లీ పరీక్ష చేశారు. మనీష మొదటిసారి పెట్టిన బరువే పెట్టింది. ఆరు నిమిషాల పది సెకన్లు వచ్చింది. ఒళ్లు తొమ్మిది కిలోలు తగ్గింది. తలనొప్పి మాయమైంది. పగటి పూట కళ్లు మూతపడడం లేదు. మళ్లీ మందను తోలుకుపోవడం మొదలుపెట్టాడు.

అక్కడే ఆయన తప్పు చేశాడు. బాగైపోయిందనుకున్నాడు. బతుకమ్మ రోజుల్లో ఇంటికి చుట్టాలు వస్తే, ముక్కు మీద మాస్కు అచ్చులు చూసి వాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి మాస్కు పక్కన పెట్టాడు. మందతో పొద్దంతా తిరుగుతున్నాను కదా అని డబ్బా కూడా వదిలేశాడు. దీపావళి నాటికి పాదాలు మళ్లీ వాచాయి. కార్తీకంలో మళ్లీ అంబులెన్సు. ఈసారి పది రోజులు మంచం మీద ఉన్నాడు. డాక్టరు మంజులత కోప్పడలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలని మాత్రం చెప్పింది.

ఇంటికి వచ్చాక బాలనర్సమ్మ మాస్కు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"నువ్వు పండుకుంటె నేను మేలుకొని ఉంటున్న, ఎన్ని ఏండ్లాయెనో లెక్క లేదు," అంది. "ఊపిరి ఆగిందా, ఆడుతున్నదా అని చెవి పెట్టుకొని. ఇది పెట్టుకున్న నాలుగైదు నెలలే నేను నిద్రపోయిన. నీకోసం కాదు, నాకోసం పెట్టుకో."

తర్వాత ఆయన మాస్కు లేకుండా పడుకున్నది లేదు.

ఐలేశం కాలు అతుక్కుంది కానీ వేలెడు పొట్టిగా అతుక్కుంది. ఊళ్లో కుంటుకుంటూ తిరగగలిగాడు. మంద వెనక నడవడం మాత్రం ఇక కుదరలేదు. గుర్వయ్య మందను వదల్లేదు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానాతో బయటపడ్డాడు. రెండేళ్ల తర్వాత, జబ్బు అదుపులో ఉంది కాబట్టి కావాలంటే బండి నడపొచ్చని డాక్టరు కాగితం రాసిచ్చింది. పాత యజమాని కూడా కబురు పెట్టాడు. గుర్వయ్య ఆ కాగితాన్ని మడిచి దవాఖాన సంచిలో దాచాడు. మళ్లీ ఎవరి బండీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చోలేదు. ఎందుకని ఒకసారి అడిగాను. "నడపొచ్చు సారు. గని ఆ రోడ్డు మీద జీవాలు అడ్డం వస్తయ్," అన్నాడు.

2021 మే నెల. కరోనా రెండోసారి ఊళ్లను ఊడ్చేస్తున్న రోజులు. ఒక పొద్దున ఐలేశం గుండెనొప్పి అన్నాడు. ఆటో వచ్చేలోపే పోయాడు. ఆయనకు కరోనా లేదు. ముందురోజే పరీక్ష చేయించారు, లేదని వచ్చింది. అయినా గడప దాకా ఎవరూ రాలేదు. తలుపుల వెనక నుంచి చూశారు. ఆ రోజు గొర్రెల మందుల పని మీద ఆ ఊళ్లోనే ఉన్నాను నేను.

పాడె మోయడానికి నలుగురు కావాలి. సుక్కమ్మ తమ్ముడు పక్క ఊరి నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. పంచాయతీలో పనిచేసే ఆయన ఒకడు వచ్చాడు. నేను నిలబడ్డాను. నాలుగో మనిషి గుర్వయ్య.

"నీతోని కాదు, నీకేమన్న అయితే మేము తట్టుకోలేం," అని సుక్కమ్మ తమ్ముడు అడ్డం పడ్డాడు.

"అవుతది," అన్నాడు గుర్వయ్య.

పూడ్చాల్సిన ఐలేశం చేను ఊరికి కిలోమీటరు పైనే ఉంటుంది. చివరి సగం ఎక్కుడు. నోటికి గుడ్డ కట్టుకుని, రోహిణి ఎండలో నడిచాం. నా భుజం నొప్పి కంటే నా వెనక వస్తున్న ఊపిరి మీదే నా ధ్యాస. అది గట్టిగా వినిపిస్తోంది, కానీ తెగడం లేదు. ముక్కుతో లోపలికి, నోటితో బయటికి, అడుగుకు తగినట్టు సాగుతోంది. ఐలేశం ఫోను పట్టుకుని కూర్చుని దిద్దిన ఊపిరి అది.

ఊరి పొలిమేరలో దింపుడు కళ్లం దగ్గర పాడెను నేల మీద దించాం. పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలవాలి. ఆ పని సుక్కమ్మ తమ్ముడిది. ఆయన వంగాడు కానీ ఏడుపుకు గొంతు పెగల్లేదు. గుర్వయ్య మోకాళ్ల మీద కూర్చుని ఐలేశం చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అన్నా," అని పిలిచాడు. ఆగి, గాలి తీసుకుని, రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలుపు గుట్ట దాకా వినిపించింది.

మళ్లీ ఎత్తుకున్నాం. ఎక్కుడులో పంచాయతీ మనిషి ఒకచోట ఆగుదామన్నాడు. గుర్వయ్య ఆగలేదు. చేనులోకి దించాక గట్టు మీద కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకుని, ఊపిరి కుదుటపడేదాకా అట్లాగే ఉన్నాడు. తర్వాత పార అందుకున్నాడు.

సుక్కమ్మ జీవాలను అమ్మలేదు. ఇప్పుడు వాటికి, గుర్వయ్య కొనుక్కున్న కొద్ది వాటికి ఒకటే దొడ్డి. ఆయనకు యాభై మూడేళ్లు. బరువు నూట నాలుగు దగ్గర నిలిచింది, అంతకంటే తగ్గడం లేదు. ఏడాదికి ఒకసారి హైదరాబాదు వెళ్లి పరీక్ష చేయించుకుంటాడు. మొన్నటిసారి పద్నాలుగు నిమిషాలు వచ్చింది. జబ్బు పోలేదని, పోదని ఆయనకు తెలుసు.

సంత రోజుల్లో కొత్తకోట హైవే మీద వ్యాన్లు ఆగే జాగాకు వెళ్తాడు. డ్రైవర్లతో టీ తాగుతూ, పగలు నిద్ర వస్తుందా, పొద్దున తలనొప్పి ఉంటుందా అని అడుగుతాడు. చాలామంది నవ్వుతారు. ఒకరిద్దరు తిట్టారు కూడా. పనిలోంచి తీసేయించడానికే వచ్చాడని అనుకున్నారు.

పోయిన చలికాలం సుమన అనే ఆవిడ ఆయన్ను వెతుక్కుంటూ మంద మేసే చోటికి వచ్చింది. భర్త నాగరాజు లారీ నడుపుతాడు. భారీ మనిషి. టీ కొట్టు దగ్గర గుర్వయ్యను తిట్టింది ఆయనేనట.

"నిద్రల ఊపిరి ఆగుతదా అమ్మా?" అని అడిగాడు గుర్వయ్య.

"ఆగుతది. నేను లేపుత."

"నాకు మా ఇంటామె గూడ అట్లనే లేపుతుండె," అన్నాడు. తర్వాత పదకొండు గొర్రెల సంగతి, ఐలేశం కాలి సంగతి, తాను దాచిపెట్టిన రెండు కునుకుల సంగతి ఆమెకు చెప్పాడు. ఏదీ తగ్గించి చెప్పలేదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి నాగరాజు ఎదుట కూర్చుని అదంతా మళ్లీ చెప్పాడు. నాగరాజు మొదట వినలేదు. తర్వాత లేచి తలుపు మూసి వచ్చి, "నాకు మూడుపార్లు వచ్చిందన్నా," అన్నాడు.

మర్నాడు ముగ్గురూ మొదటి బస్సుకు హైదరాబాదు వెళ్లారు. నాగరాజును దవాఖానలో చేర్చుకున్నారు. మనీష ఇంకా అక్కడే పనిచేస్తోంది. ఆమెకు అప్పగించి గుర్వయ్య మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాడు. బస్సులోంచి నాకు ఫోను చేశాడు. మందలో రెండు గొర్రె పిల్లలు నీళ్లనీళ్లగా పారుకుంటున్నాయట, పొద్దున్నే మందు పట్టుకుని రమ్మన్నాడు.